అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం తక్కువ?

పెళ్ళై ఇంటిపట్టున ఉండే ఆడవాళ్ళలో ఈ మాట పడనివాళ్ళు తక్కువ. తిండికి లోటు లేదు, ఇల్లు సొంతం, పిల్లలు చదువుకుంటున్నారు, ఆయన తాగడు, కొట్టడు. మరి మొహం అలా ఎందుకు పెట్టుకున్నావు? అత్తగారు అడుగుతారు. కన్నతల్లీ అడుగుతుంది. ఒక్కోసారి మనల్ని మనమే అడుక్కుంటాం. జవాబు దొరకదు. దొరకనందుకు మళ్ళీ మన మీద మనకే చిరాకు.

ఆ ప్రశ్న వెనక ఒక లెక్క ఉంది. ముందు కూడు, గుడ్డ, నీడ. అవి తీరాకే మిగతావి. గౌరవం, ఇష్టం, మనసుకు నచ్చిన పని ఇవన్నీ కడుపు నిండినవాళ్ళ ముచ్చట్లని ఆ లెక్క చెబుతుంది. బాగానే ఉంది. కానీ కడుపు నిండనివాళ్ళు అడిగితే "ముందు తిండి సంగతి చూసుకో" అంటారు. నిండినవాళ్ళు అడిగితే "తిన్నది అరగక" అంటారు. అంటే అసలు ఎవరూ అడగకూడదన్నమాట!

నేను మొయినాబాద్ మండలంలో కాపురం ఉంటున్నాను. ఇక్కడికి కోడలిగా వచ్చి ఇరవై ఏళ్ళు దాటింది. ఇటు హైదరాబాద్, అటు చేవెళ్ల, మధ్యలో మేము. గత నూరేళ్ళలో ఈ చుట్టుపక్కల ఏం జరిగిందో చదివినకొద్దీ, పెద్దవాళ్ళను అడిగినకొద్దీ, ఆ లెక్క ఇక్కడ ఎప్పుడూ నిజం కాలేదని నాకు అర్థమైంది. మనుషులు తిండి కోసం ఎంత తపించారో, అదే సమయంలో మర్యాద కోసం, తమ మాట చెల్లడం కోసం, తమవాళ్ళ కోసం కూడా అంతే తపించారు. ఒకటి తీరేదాకా రెండోది ఆగలేదు.

ఆ త్రికోణం ఎవరు గీశారు?

మా ఆడపడుచు కూతురు బి.ఎడ్. చదివేటప్పుడు ఆమె పుస్తకంలో ఒక త్రికోణం బొమ్మ చూశాను. మీరూ చూసే ఉంటారు. అట్టడుగున తిండి, నిద్ర. దాని పైన భద్రత. ఆపైన ప్రేమ, నావాళ్ళు అనుకునే బంధాలు. ఇంకా పైన గౌరవం. కొసన, మనలో ఉన్న శక్తిని పూర్తిగా వాడుకోవడం. అబ్రహాం మాస్లో అనే అమెరికా సైకాలజిస్టు చెప్పిన అవసరాల మెట్లని కింద రాసి ఉంది.

మాస్లో ఈ సంగతి రాసింది 1943లో. ఆ వ్యాసంలో త్రికోణం బొమ్మ లేనే లేదు! తర్వాతి కాలంలో మేనేజ్‌మెంట్ పాఠాలు చెప్పేవాళ్ళు దాన్ని ప్రచారంలోకి తెచ్చారు. ఒక అవసరం నూటికి నూరుపాళ్ళు తీరాకే రెండోది పుడుతుందనుకోవద్దని మాస్లో ఆ వ్యాసంలోనే హెచ్చరించాడు. ఉదాహరణకని ఊహించి కొన్ని అంకెలు కూడా ఇచ్చాడు. మామూలు మనిషికి ఒంటి అవసరాలు 85 శాతం, భద్రత 70, ప్రేమ 50, ఆత్మగౌరవం 40, ఆఖరిది 10 శాతం తీరి ఉంటాయేమో అన్నాడు. అంటే అన్నీ ఒకేసారి, కొంచెం కొంచెంగా తీరుతూ ఉంటాయి. కొందరి విషయంలో వరుస తారుమారవుతుందని కూడా రాశాడు.

ఆయన తర్వాత ఎడ్వర్డ్ డెసీ, రిచర్డ్ ర్యాన్ అనే ఇద్దరు మెట్ల సంగతి వదిలేసి మూడు అవసరాలు చెప్పారు. ఈ పని నా ఇష్టంతో చేస్తున్నాను అనిపించడం ఒకటి. ఇది నాకు చేతనవును అనిపించడం రెండు. నన్ను పట్టించుకునే నలుగురున్నారు అనిపించడం మూడు. ఈ మూడింటిలో ఏది కరువైనా మనిషి వాడిపోతాడన్నారు. 2011లో లూయిస్ టే, ఎడ్ డీనర్ అనే పరిశోధకులు 123 దేశాల ప్రజల జవాబులు పరిశీలించి ఇలాంటి మాటే చెప్పారు. తిండి, భద్రత సరిగ్గా లేనివాళ్ళకు కూడా ఆత్మీయులు, గౌరవం దొరికితే ఆ మేరకు సంతోషం పెరుగుతోందని తేలింది. దేని లాభం దానిదే.

వంట చేసేవాళ్ళకు ఇది చెప్పక్కర్లేదు. కూరలో ఉప్పు తక్కువైతే ఇంకో గరిటె అన్నం వడ్డించి సరిచేయలేం. ఉప్పు లోటు ఉప్పే తీర్చాలి. మర్యాద లోటు చీరతో తీరదు, తోడు లోటు ఫ్రిజ్‌తో తీరదు. ఈ మాటకు మా ప్రాంతంలో దొరికే రుజువులు చూడండి.

గండిపేట నీళ్ళు, పట్నం ధైర్యం

భయంతో మొదలుపెడతాను. 1908 సెప్టెంబరు 28న మూసీ నది పొంగి హైదరాబాద్‌ను ముంచేసింది. వేలమంది చనిపోయారు. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఉన్న చింతచెట్టెక్కి నూట యాభై మంది దాకా బతికారని చెబుతారు. ఆ చెట్టు ఇప్పటికీ ఉంది. మళ్ళీ అలాంటి రాత్రి రాకుండా ఏం చేయాలో చెప్పమని నిజాం ప్రభుత్వం మోక్షగుండం విశ్వేశ్వరయ్యను పిలిపించింది. పైనే నీళ్ళు ఆపాలన్నాడాయన. అలా మూసీ మీద 1920లో ఉస్మాన్‌సాగర్, అంటే మన గండిపేట, ఈసీ మీద 1927లో హిమాయత్‌సాగర్ వచ్చాయి. మొయినాబాద్ ఆ రెండింటి నడుమ ఉంటుంది.

పట్నానికి వరద భయం తగ్గింది, తాగునీళ్ళు దొరికాయి. గండిపేట నీళ్ళు తాగితే ఆ రుచి వదలదని హైదరాబాద్ పాతవాళ్ళు గొప్పగా చెప్పుకునేవాళ్ళు. భద్రత విచిత్రమైనది. లేనప్పుడు తప్ప గుర్తుకు రాదు. నల్లా తిప్పితే నీళ్ళొచ్చే ఇంట్లో పుట్టిన పిల్లకు 1908 నాటి భయం చెప్పినా ఎక్కదు. ఇంట్లో కూడా అంతే. నెల మొదట్లో సరుకులు, సమయానికి ఫీజులు, డబ్బాలో ఎప్పుడూ ఉండే చక్కెర. వీటి వెనక ఎవరి చెయ్యి ఉందో ఆ చెయ్యి ఆగిన రోజే తెలుస్తుంది.

పట్నం భద్రతకు ధర ఎవరు కట్టారన్నది ఇంకో ప్రశ్న. దాని దగ్గరికి తర్వాత వస్తాను.

తెలుగులో మాట్లాడితే గేలి చేశారు

గండిపేట కట్టిన మరుసటి ఏడు, 1921 నవంబరులో, హైదరాబాద్ వివేకవర్ధిని థియేటర్‌లో సంఘ సంస్కరణ సభ జరిగింది. ఉర్దూ, మరాఠీ, ఇంగ్లీషు ఉపన్యాసాలు సాగాయి. అల్లంపల్లి వెంకట రామారావు అనే వకీలు లేచి తెలుగులో మాట్లాడబోతే సభలో కొందరు గోల చేసి, గేలి చేసి కూర్చోబెట్టేశారు. ఆ అవమానం పడలేక తెలుగువాళ్ళు కొద్దిమంది ఆ రాత్రే ఒకచోట చేరి ఆంధ్ర జనసంఘం పెట్టుకున్నారు. 1922 ఫిబ్రవరిలో దాని మొదటి సమావేశానికి అధ్యక్షత వహించింది కొండా వెంకట రంగారెడ్డి. ఆయనది మా మండలంలోని పెద్దమంగళారం. 1890లో పుట్టారు. 1978లో ఏర్పడిన రంగారెడ్డి జిల్లాకు ఆయన పేరే పెట్టారు.

ఆ సభలో కూర్చున్న వకీళ్ళు పస్తులున్నవాళ్ళు కారు. వాళ్ళకు అన్నీ ఉన్నాయి. అయినా, నా భాషకు ఇక్కడ చోటు లేదా అన్న మాట వాళ్ళను నిద్రపోనివ్వలేదు. అదే కాలంలో పల్లెల్లో వెట్టిచాకిరీ నడుస్తోంది. దొర పిలిస్తే ఉన్న పని వదిలి పోవాలి. కూలి లేదు. కూలి లేకపోవడం ఒక బాధ. పోను అనే వీలు లేకపోవడం ఇంకో బాధ. సొంత పొలంలో పొద్దంతా గొడ్డుచాకిరీ చేసి అలసిపోయేవాడు, పిలుపొస్తే దొర గడీలో గంటసేపు చేసే పనికి కుంగిపోయాడంటే, అది ఒళ్ళు నొప్పి సంగతి మాత్రమే కాదు. ఆంధ్ర జనసంఘం, తర్వాత దాని నుంచి వచ్చిన ఆంధ్ర మహాసభ వెట్టికి వ్యతిరేకంగా కరపత్రాలు వేశాయి, గ్రంథాలయాలు పెట్టాయి, మాతృభాషలో చదువు కావాలని అడిగాయి. తిండి, మర్యాద, చదువు మూడూ ఒకే చేతిసంచిలో వేసుకుని తిరిగారు.

ఆడవాళ్ళ సంగతి కూడా చెప్పాలి. 1930లో జోగిపేటలో మొదటి ఆంధ్ర మహాసభ జరిగినప్పుడు దాని పక్కనే మహిళా సభ విడిగా జరిగింది. నడింపల్లి సుందరమ్మ అధ్యక్షురాలు. 1936లో షాద్‌నగర్ సభకు రంగారెడ్డి అధ్యక్షుడైతే, అక్కడి మహిళా సభకు బూర్గుల అనంతలక్ష్మమ్మ అధ్యక్షత వహించారు. ఆ రోజుల్లో ఇంటి గడప దాటి, బండి కట్టించుకుని, వేరే ఊళ్ళో సభలో కూర్చోవడం అంటే ఎంత! వాళ్ళలో చాలామందికి ఇంట్లో తిండికి లోటు లేదు. మరి ఎందుకు వెళ్ళారు? నలుగురిలో కూర్చుని తన మాట తాను చెప్పుకోవడం కూడా అవసరమే కనుక. ఆ అవసరానికి వయసు తొంభై ఏళ్ళ పైమాటే. మనం కొత్తగా కనిపెట్టింది కాదు.

జీతానికుండే పిల్లలు

ఆ త్రికోణానికి గట్టి జవాబు మా జిల్లా పల్లెల్లోనే వచ్చింది. 1990లకు ముందు ఇటు శంకర్‌పల్లి, చేవెళ్ల వైపు పల్లెల్లో బడి వయసు పిల్లలు ఆసాముల దగ్గర జీతానికి ఉండటం మామూలు. అప్పు తీరేదాకా పశువుల వెంట తిరగాలి, పేడ ఎత్తాలి. ఆడపిల్లలకు జీతం అన్న పేరు కూడా లేదు. చెల్లిని ఎత్తుకోవాలి, నీళ్ళు మోయాలి, కూలికి పోవాలి, పదమూడు పద్నాలుగేళ్ళకు పెళ్ళి.

అప్పట్లో చదువుకున్నవాళ్ళందరి మాటా ఒకటే. పేదవాళ్ళకు ముందు కూడు కావాలి, పిల్లాడి కూలి పోతే ఇల్లు గడవదు, పేదరికం పోయాక వాళ్ళే బడికి పంపుతారు. అదే మెట్ల లెక్క. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో రాజనీతిశాస్త్రం చెప్పిన శాంతా సిన్హా, ఆమె నడిపిన ఎం.వి. ఫౌండేషన్ ఆ మాట ఒప్పుకోలేదు. చరిత్రకారుడు మామిడిపూడి వెంకటరంగయ్య పేరుమీద 1981లో పెట్టిన సంస్థ అది. ఆయన ఆమెకు తాతగారు. 1991 నుంచి రంగారెడ్డి జిల్లా పల్లెల్లో ఈ పని మొదలుపెట్టారు. వాళ్ళ సూత్రం సూటిగా ఉంటుంది. బడిలో లేని ప్రతి బిడ్డా బాలకార్మికుడే, ఇంట్లో చెల్లిని ఎత్తుకునే పిల్ల కూడా.

ఇల్లిల్లూ తిరిగి అడిగితే తెలిసిందేమిటంటే, తల్లిదండ్రులకు పిల్లల్ని చదివించాలని ఉంది. ఎలా చేర్చాలో, వయసు మించిన పిల్లాడిని ఏ తరగతిలో కూర్చోబెడతారో, మాస్టారు ఏమంటాడో తెలియదు. అందుకని క్యాంపులు పెట్టారు. బడి మొహం చూడని పన్నెండేళ్ళ పిల్లలు నెలల తరబడి అక్కడే ఉండి, చదివి, తమ వయసుకు తగిన తరగతిలో చేరారు. సర్కారు బడి పంతుళ్ళు, సర్పంచులు, యువకులు వాళ్ళతో కలిశారు. ఆసాములతో మాట్లాడారు. ఆడపిల్లల పెళ్ళిళ్ళు ఆపించారు. 2003లో శాంతా సిన్హాకు రామన్ మెగసెసే అవార్డు వచ్చింది. 2007లో జాతీయ బాలల హక్కుల కమిషన్‌కు ఆమె మొదటి అధ్యక్షురాలయ్యారు.

ఇంటి పేదరికం పోయాక పంపలేదు. పేదరికంలోనే పంపారు. కడుపు సగం నిండిన తల్లి కూడా "నా బిడ్డ నాలాగ కావద్దు" అనుకుంది.

అయితే ఈ కథలో ఎక్కువమంది పట్టించుకోని చిన్న విషయం ఒకటుంది. కూతురు బడికి పోతే ఆమె చేసే పని ఎక్కడికి పోయింది? నీళ్ళు తమంతట తాము ఇంటికి రాలేదు. ఎక్కువ ఇళ్ళలో ఆ పని తల్లి నెత్తినే పడింది. పొద్దున్నే ఇంకో గంట ముందు లేచింది. ఇంట్లో ఒకరి అవసరం తీరుతోందంటే ఎవరో ఒకరు ఏదో వదులుకుంటున్నారు. ఎవరు, ఎంత, ఎన్నాళ్ళు అని చూసుకోవడమే సమతూకం. ఆ తల్లి ఇష్టపడి చేసింది, నిజమే. తండ్రి ఒక బిందె మోసి ఉంటే ఆమె ఇష్టానికి తక్కువేం కాదు.

అమ్ముకోలేని భూమి, అమ్ముకున్న భూమి

పట్నం భద్రతకు ధర ఎవరు కట్టారన్న ప్రశ్న ఇప్పుడు చెబుతాను. 1996 మార్చిలో ప్రభుత్వం జీవో 111 ఇచ్చింది. గండిపేట, హిమాయత్‌సాగర్ నీళ్ళు కలుషితం కాకుండా, వాటి పరివాహక ప్రాంతంలోని 84 గ్రామాల్లో ఫ్యాక్టరీలు, పెద్ద హోటళ్ళు, కాలనీలు కట్టకూడదు. మొయినాబాద్ మండలంలో ఎక్కువ ఊళ్ళు అందులోకి వచ్చాయి. 2000లో సుప్రీంకోర్టు కూడా తాగునీటి వైపే నిలబడింది.

పట్నంవాళ్ళ వైపు నుంచి చూస్తే అది సరైన పనే. ఇక్కడి రైతు వైపు నుంచి చూస్తే, అవతల గచ్చిబౌలిలో గజాల లెక్కన అమ్ముడుపోతుంటే ఇక్కడ ఎకరాల లెక్కన అడిగేవాళ్ళు లేరు. బిడ్డ పెళ్ళికి అక్కరపడితే ఆ భూమి అక్కరకు రాదు. ఒకరి భద్రత కోసం ఇంకొకరి ఇష్టాన్ని కట్టేయాల్సి వచ్చింది. బదులుగా వీళ్ళకు ఏమివ్వాలన్నది ఎవరూ సరిగ్గా అడగలేదు. 2022 ఏప్రిల్‌లో జీవో 69 తెచ్చి, చెరువుల నీళ్ళు చెడకూడదన్న షరతుతో ఆ ఆంక్షలు తీసేస్తున్నామన్నారు. ఆ వాదం ఇప్పటికీ నడుస్తూనే ఉంది. నేను తీర్పు చెప్పను. గండిపేట నీళ్ళూ కావాలి, రైతు మాటా చెల్లాలి.

నాకు దగ్గరగా తెలిసింది భూమి అమ్ముకున్న ఇళ్ళు. చేవెళ్ల, మొయినాబాద్ అంటే పూలు, కూరగాయలు. రోజాలు, చామంతులు, టమాటా, క్యారెట్. తెల్లారకముందే పూలు తెంపి గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పంపడం ఇక్కడి దినచర్య. భూమి ఫామ్‌హౌస్‌కు అమ్ముడుపోయాక ఆ ఇంట్లో డబ్బు వచ్చింది, గ్రానైట్ వచ్చింది, కారు వచ్చింది. ఆరు నెలలు తిరిగేసరికి ఇంటాయనకు ఏం చేయాలో తోచదు. నిన్నటిదాకా వాన ఎప్పుడొస్తుందో చెప్పగలిగిన మనిషి, ఏ మొక్కకు ఏ తెగులో ఆకు చూసి చెప్పిన మనిషి, ఇవాళ హోటల్ ముందు చాయ్ తాగుతూ పొద్దు గడుపుతాడు. బీపీ మొదలవుతుంది, కొందరికి మందు కూడా.

మా వీధిలో ఒక పెద్దమ్మ ఉంది. కొడుకులు భూమి అమ్మారు, ఆమెకు ఏ లోటూ చేయరు. అయినా చామంతుల కాలం వస్తే వేరేవాళ్ళ తోటలో పూలు తెంపడానికి పోతుంది. కొడుకులకు నామోషీ. "ఏం తక్కువైందమ్మా నీకు, కూలికి పోతున్నవ్?" అంటారు. ఆమె నాతో అంది, "ఇంట్ల కూసుంటే పొద్దు పోతలేదు బిడ్డా. ఆడికి పోతే నలుగురితోని మాట, చేతికి పని. ఆళ్ళు ఇచ్చే పైసలు నా కొంగుల ఉంటయి. కొడుకు పైసలు కొడుకువే." అక్షరం ముక్క రాని ఆ పెద్దమ్మ డెసీ, ర్యాన్ చెప్పిన మూడూ ఒక్క గుక్కలో చెప్పేసింది. తోడు, పనితనం, తన ఇష్టం.

నూటెనిమిది చుట్లు

గండిపేట ఒడ్డునే చిలుకూరు బాలాజీ గుడి. ఏటా తిరుపతి నడిచివెళ్ళే భక్తుడొకరు ఒక ఏడు జబ్బుపడి వెళ్ళలేకపోతే స్వామి కలలో కనబడి ఇక్కడే ఉన్నానన్నాడని స్థలపురాణం. ఇప్పుడు అందరూ వీసా బాలాజీ అంటారు. అమెరికా వెళ్ళాలనుకునే పిల్లలు 11 ప్రదక్షిణలు చేసి మొక్కుకుని, పని అయ్యాక వచ్చి 108 చేస్తారు. హుండీ లేదు, వీఐపీ లైను లేదు. అంకెలున్న చీటీ మీద పెన్నుతో టిక్కు పెట్టుకుంటూ కలెక్టరైనా కూలీ అయినా అదే వరుసలో నడవాలి.

భక్తి లోతు గురించి మాట్లాడేంత దాన్ని కాను. ఒక అమ్మగా మాత్రం చూస్తాను. వీసా ఇంటర్వ్యూ మన చేతిలో లేదు. చేతిలో లేనిదాని ముందు మనసు ఊరికే కూర్చోలేదు. కాళ్ళకు పని, లెక్కకు ఒక అంకె, పక్కన తనలాంటి వందమంది. భయం పూర్తిగా పోదు, పంచుకున్నట్టవుతుంది.

2024 ఏప్రిల్‌లో బ్రహ్మోత్సవాలప్పుడు పిల్లలు లేని ఆడవాళ్ళకు గరుడ ప్రసాదం ఇస్తారని తెలిసి, ఎక్కడెక్కడి నుంచో జనం వచ్చారు. కిలోమీటర్ల కొద్దీ కార్లు ఆగిపోయాయి. బండ్లు వదిలేసి ఎండలో నడిచినవాళ్ళున్నారు. ప్రసాదం అందక వెనుదిరిగినవాళ్ళు ఎందరో. టీవీల్లో ట్రాఫిక్ గురించే చెప్పారు. నేను ఆ మొహాలు చూశాను. బిడ్డ కావాలన్న కోరిక ఒక్కటే అయితే అంత తొందర ఉండదేమో. పేరంటానికి పిలవని వదినలు, పెళ్ళిలో "ఇంకా ఏం లేదా?" అని అడిగే పిన్నులు కూడా వాళ్ళను ఆ ఎండలోకి తోశారు. బిడ్డ దేవుడి చేతిలో, డాక్టరు చేతిలో ఉండొచ్చు. ఆ ప్రశ్న అడగకుండా ఉండటం, బొట్టు పెట్టి పిలవడం మాత్రం మన చేతిలోనే ఉంది.

ఇంట్లో ఎలా చూసుకోవాలి?

ఈ చరిత్రంతా నాకు ఇంట్లో పనికొచ్చింది. ఎవరైనా అలిగినా, కసిరినా, "ఏం తక్కువ చేశాం?" అని అడగడం మానేశాను. ఏ ఉప్పు తక్కువైందో చూస్తాను. అడిగేది ఒకటి, కావాల్సింది ఇంకొకటి అయ్యుంటుంది.

పచ్చడి కలిపేటప్పుడు అత్తగారు ప్రతిదానికీ అడ్డం వస్తున్నారంటే, ఆమెకు కావాల్సింది పెత్తనమే అనుకోవద్దు. యాభై ఏళ్ళు నేర్చిన పని ఇక ఎవరికీ అక్కర్లేదేమోనన్న దిగులు కావచ్చు. ఆవకాయ పూర్తిగా ఆమె చేతికే ఇచ్చి, పక్కన కూర్చుని కారం కొలత అడిగి చూడండి. పదో తరగతి పిల్లాడు ఫోను కోసం గొడవ చేస్తే అందులో సగం ఆటల పిచ్చి, సగం స్నేహితుల గుంపులో తానొక్కడే లేడన్న బాధ. ఫోను ఇవ్వకపోయినా ఆదివారం ఆ స్నేహితులను ఇంటికి పిలవచ్చు. పదవీ విరమణ చేసిన మామగారు రోజుకు మూడుసార్లు కరెంటు బిల్లు తీసి చూస్తున్నారంటే ఇంటి లెక్కల్లో ఒక భాగం ఆయనకు అప్పజెప్పే వేళైంది. ఇంటాయన ఆఫీసు నుంచి వచ్చి మాట్లాడకపోతే, పొద్దంతా ఇంకొకరి మాట మీద నడిచిన మనిషికి అరగంట తనదంటూ కావాలేమో. అయితే ఆ అరగంట మనకూ కావాలని ఆయనకు చెప్పాలి. చెప్పకపోతే తెలియదు.

ఇక మన సంగతి. నేను వారానికోసారి మూడు ప్రశ్నలు వేసుకుంటాను. ఈ వారం ఎవరూ చెప్పకుండా, నా ఇష్టంతో చేసిన పని ఏమిటి? నాకు చేతనయ్యే పని ఒక్కటైనా నలుగురికి కనిపించిందా? ఎవరితోనైనా పిల్లల చదువు, కూర, ఖర్చు కాకుండా వేరే మాట మాట్లాడానా? మూడింటికీ జవాబు లేని వారం వచ్చిందంటే, ఒంట్లో బాగాలేదన్న సాకు వెతకను. ఏదో ఒకటి కదిలిస్తాను.

పెద్ద పనులే చేయక్కర్లేదు. పొదుపు సంఘాల్లో చేరిన మా ఊరి ఆడవాళ్ళు నెలనెలా కట్టేది కొద్ది మొత్తమే. కానీ సమావేశంలో పేరు పెట్టి పిలుస్తారు, "ఫలానా వాళ్ళ కోడలు" అని కాదు. వేలిముద్ర వేసే చేయి సంతకం నేర్చుకుంది. 2023 డిసెంబరు 9 నుంచి ఆర్టీసీ బస్సుల్లో ఆడవాళ్ళకు టికెట్ లేకుండా పోవడంతో మా వైపు ఇంకో మార్పు వచ్చింది. చేవెళ్ల నుంచి మెహిదీపట్నం పోవడానికి ఇంట్లో డబ్బులు అడిగే పని తప్పింది. అడిగితే ఇస్తారు, అది వేరే సంగతి. "ఎందుకు?" అన్న ప్రశ్నకు జవాబు చెప్పి తీసుకునే నలభై రూపాయలకూ, అడగకుండా ఎక్కే బస్సుకూ తేడా మనకు తెలుసు. అక్కను చూసి సాయంత్రానికి తిరిగొచ్చిన ఇల్లాలు రాత్రి వంట నవ్వుతూ చేస్తుంది. ఇంట్లోవాళ్ళకు కూడా అది లాభమే.

ఒక జాగ్రత్త. ఇంటి సమతూకమంతా ఒక్క మనిషి త్యాగం మీద నిలబడితే అది ఎన్నాళ్ళో నిలవదు. 84 గ్రామాల మీద పట్నం తాగునీళ్ళు నిలబెట్టినట్టే అవుతుంది. పట్నానికి బాగుంటుంది, గ్రామాలు పాతికేళ్ళు గొణుక్కుంటాయి, చివరికి కట్ట ఎక్కడో వదులవుతుంది. ఎవరు వదులుకుంటున్నారో వాళ్ళకు ఆ సంగతి తెలుసని మిగతావాళ్ళు చెప్పాలి. వీలైతే మలివిడత ఇంకొకరు వదులుకోవాలి.

ఇంకోసారి ఎవరైనా "అన్నీ ఉన్నాయి కదా, ఇంకేం తక్కువ?" అంటే కోపం తెచ్చుకోకండి, మౌనంగానూ ఉండకండి. ఉన్నవాటికి కృతజ్ఞత ఉందని చెప్పండి. తక్కువైనది ఏమిటో కూడా పేరు పెట్టి చెప్పండి. "నాకు వారానికి ఒక సాయంత్రం కావాలి." "నలుగురిలో నా మాట మధ్యలో తుంచొద్దు." "నేను కుట్టినది ఒకసారి చూసి బాగుందో లేదో చెప్పండి." ఇవేవీ బంగారం కాదు, భూమి కాదు. ఒక ఇల్లు ఇవ్వగలిగినవే.